మధ్యభాగ దోషం

విద్యాధరి విశ్వవిద్యాలయంలో చరిత్ర మొదటి సంవత్సరం చదువుతున్న దాసరి నీలవేణికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. ఆమె అడిగినదానికి జవాబు చెబుతుంది.

తప్పు పూర్తిగా ఆమెది కాదు, పెంపకానిది. తల్లి సింహాచలమ్మ రాజాం బస్టాండులో విచారణ కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగి. బొబ్బిలి బస్సు ఎప్పుడని ప్రయాణికుడు అడిగితే, అనాదిగా మానవుడు ప్రయాణాలు చేస్తూనే ఉన్నాడని ఆవిడ మొదలుపెట్టదు. కావున ప్రయాణాలను ప్రోత్సహించడం మనందరి కర్తవ్యమని ముగించదు. "రెండో ప్లాట్‌ఫారం. స్టార్ట్ చేసేసేడు, పరిగెట్టు," అంటుంది. ప్రయాణికుడు పరిగెత్తుతాడు, బస్సు అందుకుంటాడు. బడి వదిలాక ఆ కౌంటరు వెనక బల్ల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటూ పెరిగిన నీలవేణికి, అమ్మ మైకులో చదివే ఊళ్ళ పేర్లు విని విని ఒక పిచ్చి పట్టుకుంది. ఆ ఊళ్ళు అక్కడే ఎందుకు వెలిశాయి? బస్సులు రాకముందు వాటి మధ్య ఎవరు నడిచారు? ఆ పిచ్చి తీర్చుకోవడానికే ఆమె చరిత్రలో చేరింది. చరిత్ర తప్ప ఇంకేదీ వద్దని ఇంట్లో పట్టుబట్టి మరీ చేరింది.

మొదటి వ్యాసానికి వచ్చిన ప్రశ్న, ఊళ్ళ పుట్టుకకు నదులు ఎంతవరకు కారణం అని. నీలవేణికి కాళ్ళు నేల మీద ఆగలేదు. "కొంతవరకే" అని మొదలుపెట్టి, ఎక్కడ కారణమో, ఎక్కడ కాదో, ఏటి ఒడ్డు వదిలి గుట్టలెక్కిన ఊళ్ళు ఏవో, ఎందుకెక్కాయో తనకు తోచినదంతా రాసి, తోచింది అయిపోగానే కలం మూసేసింది.

పేపరు తప్పిన గ్రేడుతో తిరిగి వచ్చింది. అట్ట మీద ఎర్రసిరాతో మూడు వాక్యాలు ఉన్నాయి. "ఉపోద్ఘాతం లేదు. ముగింపు లేదు. మధ్యలో ఏదో ఉంది."

ఆ 'ఏదో' ఏమిటో చదివారా అని కనుక్కుందామని ఆమె వ్యాస ప్రమాణాల పరిరక్షణ కేంద్రానికి వెళ్ళింది. కేంద్రానికి సంచాలకులు ఆచార్య చక్రధరం గారు. తెల్లని మనిషి, తెల్లని చొక్కా, బల్ల మీద తెల్లకాగితాలు. ఆయన మాట్లాడితే గెజిట్ ప్రకటనకు గొంతు వచ్చినట్టుంటుంది.

"అమ్మాయీ, మధ్యభాగమనునది విద్యార్థి యొక్క వ్యక్తిగత వ్యవహారము. అందులో విశ్వవిద్యాలయము జోక్యము చేసుకొనదు," అన్నారాయన.

చేసుకోకపోవడానికి పెద్ద కథే ఉంది. కొన్నేళ్ళ క్రితం దిద్దిన పేపర్లను మళ్ళీ పరిశీలించినప్పుడు, ఒక విద్యార్థి నడిమి పేజీల నిండా తన చెల్లెలి పెళ్ళి విందులో ఏ వంటకం తరవాత ఏది వడ్డించాలో రాసి డిస్టింక్షను తెచ్చుకున్నట్టు బయటపడింది. సంఘం కూర్చుంది. పరీక్షకులు ఉపోద్ఘాతాన్ని చూసి, ముగింపును చూసి, నడిమి కాగితాల మందాన్ని వేళ్ళతో తడిమి మార్కులు వేస్తున్నారని తేలింది. అయితే పరీక్షకుల చేత చదివించాలి కదా అని మనలాంటి అల్పజ్ఞులం అనుకుంటాం. సంఘంలో అంతా విద్వాంసులు. ఎవరూ చదవని భాగాన్ని విద్యార్థుల చేత రాయించడం అమానుషమని వారు కంటతడి పెట్టుకున్నారు. మధ్యభాగ విసర్జన నియమావళి అలా పుట్టింది. వ్యాసం ఇకమీదట రెండు పేజీలే. మొదటి పేజీ ఉపోద్ఘాతం, రెండో పేజీ ముగింపు. ఈ రెంటి నడుమ విషయం కనబడితే దాన్ని మధ్యభాగ దోషంగా పరిగణించి మార్కులు తగ్గిస్తారు.

"ఇంతకీ నేను రాసింది తప్పా సార్?" అని నీలవేణి అడిగింది.

"తప్పో ఒప్పో తెలియవలెనన్న చదువవలెను గదా," అన్నారు చక్రధరం గారు, ఎంతో దయగా.

సంస్కరణ ఫలితాలు అమోఘంగా ఉన్నాయి. పేపర్లు దిద్దడం కాఫీ చల్లారేలోపు అయిపోతున్నది. ఉత్తీర్ణత పెరిగి పెరిగి, తప్పడమంటే ఏమిటో జూనియర్లకు సీనియర్లు వర్ణించి చెప్పవలసి వస్తున్నది. వెనకబడినవారి కోసం ఉపోద్ఘాత ప్రయోగశాల ఒకటి తెరిచారు. విద్యార్థులు తెల్లకోట్లు తొడుక్కుని అక్కడ "అనాదిగా మానవుడు", "నేటి ఆధునిక యుగంలో", "నాణేనికి రెండు వైపులున్నట్లే" వంటి వాక్యాలను అభ్యసిస్తారు. పక్కగదిలో ముగింపు ప్రయోగశాల. అక్కడ ప్రతిదీ మనందరి కర్తవ్యం అవుతుంది. ఏ ఉపోద్ఘాతానికైనా ఏ ముగింపైనా అతుకుతుందని నిరూపించినవారికి పతకం ఇస్తారు. నీలవేణి గదిలోనే ఉండే జుబేదాకు ఆ పతకం వచ్చింది. దోమల నివారణ ఉపోద్ఘాతానికి ఆమె ప్రపంచశాంతి ముగింపు తగిలిస్తే కుట్టు కనబడలేదని పరీక్షకులు మెచ్చుకున్నారు.

జుబేదా మంచిపిల్ల. స్నేహితురాలి అవస్థ చూడలేక కిటుకు చెప్పింది. "నువ్వు ప్రశ్న చదవకే నీలా. చదివితే నీకు జవాబు వచ్చేస్తాది. అక్కడే చెడిపోతున్నావు."

నీలవేణి నిష్ఠగా ప్రయత్నించింది. రెండో వ్యాసం నాడు ప్రశ్న మీద అరచెయ్యి కప్పి, పళ్ళు బిగబట్టి, "అనాదిగా మానవుడు నదీతీరాలలో నివసిస్తూ" అని రాసింది. ప్రయోగశాలలో అదే వాక్యం ఎన్నోసార్లు రాసింది, ఏమీ కాలేదు. ఆనాడు మాత్రం లోపల ఎక్కడో అమ్మ గొంతు, నిజమేనా అని అడిగింది. చెయ్యి మాట వినలేదు. "అయితే అందరూ కాదు, ఎందుకంటే" అని కలం జారిపోయింది. ఎందుకంటే అన్న మాట పడిందంటే మధ్యభాగం మొదలైనట్టే. చక్రధరం గారు ఆ మాట చుట్టూ ఎర్రగా సున్న చుట్టి, "ఇచ్చట విషయము కనబడినది" అని రాసి, పేపరు తప్పించారు.

ఈలోగా ఒకచోట ఫలించిన సంస్కరణను అన్నిచోట్లా నాటాలని కులపతి గారికి బుద్ధి పుట్టింది. పాఠాలు నమస్కారంతో మొదలై ధన్యవాదాలతో ముగియసాగాయి. నడుమ ఏమీ ఉండదు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు కులపతి గారు "సభకు వందనం" అని, "జై హింద్" అని కూర్చుంటే, ఆయన పదవీకాలంలో అంతటి ఉపన్యాసం మరొకటి లేదని ప్రతిపక్షంవారు కూడా ఒప్పుకున్నారు. గ్రంథాలయంలో పుస్తకాల నడిమి పుటలు విడదీసి మూటలు కట్టారు. అరలలో చోటు మిగిలి, ఆ చోటులో పూలకుండీలు వెలిశాయి. ఫుట్‌బాల్ పోటీ ఒక ఈలతో మొదలై మరుక్షణం ఇంకొక ఈలతో ముగిసింది. ఉభయ జట్లూ ఓడలేదు. హాస్టలు మెస్సులో మొదట మిఠాయి ముక్క, చివర మజ్జిగ వడ్డించి విస్తళ్ళు ఎత్తేశారు. విద్యార్థుల కడుపులు మాత్రం ఈ సంస్కరణను అపార్థం చేసుకున్నాయి.

చివరికి విశ్వవిద్యాలయం బస్సు కూడా బయలుదేరేచోటా, చేరేచోటా తప్ప ఇంకెక్కడా ఆగడం మానేసింది. ఆ సంగతి ఫోనులో చెప్పినప్పుడు సింహాచలమ్మకు నవ్వు రాలేదు. మిఠాయి, మజ్జిగల కథ విని నవ్విన మనిషే.

"మరి మధ్యలో దిగేవోళ్ళు?" అని అడిగింది.

"వాళ్ళు ఉపోద్ఘాతానికో ముగింపుకో అలవాటు పడాలంటమ్మా."

"అలాగని మీ సార్లు చెప్పేరా? ఆళ్ళెప్పుడైనా బస్సెక్కేరా?"

రెండు వ్యాసాలు తప్పిన నీలవేణికి చక్రధరం గారి దగ్గరనుంచి తాఖీదు వచ్చింది. సప్లిమెంటరీలో కూడా తప్పితే ఆమెను చరిత్రనుంచి తొలగించి అతిథి మర్యాదల డిప్లొమాలోకి బదిలీ చేస్తారు. అతిథిని ఆహ్వానించడం, సాగనంపడం తప్ప అక్కడ నడుమ మరేమీ ఉండదు కనుక ఆమె దోషం దానంతట అదే నయమవుతుందని కేంద్రం ఆశించింది. నీలవేణి ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. ఊళ్ళ పేర్లు ఇక అమ్మ మైకులో వినడం వరకే అనుకుంది. సప్లిమెంటరీలో మళ్ళీ ఆ నదుల ప్రశ్నే వచ్చింది. రాసింది, దానిలోనూ ఎక్కడో ఒక 'ఎందుకంటే' దొర్లిందని బయటికి వచ్చాక గుర్తొచ్చి మెట్ల మీద కూలబడింది.

ఆ వారంలోనే విశ్వవిద్యాలయం నెత్తిన పిడుగు పడింది.

విశ్వవిద్యాలయాలకు శ్రేణి నిర్ణయించే గుర్తింపు బృందం రాబోతున్నది. పైశ్రేణి రాకపోతే కులపతి గారి పదవి పొడిగింపు గాలిలో దీపమే. విశ్వవిద్యాలయం తన గురించి తాను సమర్పించుకునే నివేదికను అందరికన్నా ముందుగా పంపించింది. బృందం కార్యాలయం దాన్ని వెనక్కి పంపుతూ, ఉపోద్ఘాతమూ ముగింపూ చేరాయని, నడిమి పేజీలు తపాలాలో పోయినట్టున్నాయని, వెంటనే మళ్ళీ పంపవలసిందని వినయంగా కోరింది.

పాలకమండలి అత్యవసరంగా సమావేశమైంది. విభాగానికొకరు చొప్పున మధ్యభాగం రాయాలని తీర్మానించారు. రాజనీతి శాస్త్రం వారు మధ్యభాగానికి ఉపోద్ఘాతం రాసి తెచ్చారు. అర్థశాస్త్రం వారు ఆ ఉపోద్ఘాతానికి ముగింపు తెచ్చారు. తెలుగు విభాగాధిపతి కాగితం ముందు పొద్దంతా కూర్చుని "అనాదిగా" అని రాసి, ఆ మీద చెయ్యి సాగక సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. ఈ సంస్థలో విషయం రాయగలిగిన ప్రాణి లేదని అందరికీ అర్థమైంది.

అప్పుడు కులపతి గారు గొంతు తగ్గించి, "ఆ దోషమున్నవారు మన ప్రాంగణంలో ఎవరైనా మిగిలి ఉన్నారా?" అని అడిగారు.

చక్రధరం గారు తలవంచుకుని, ఒక కేసు ఉన్నదని ఒప్పుకున్నారు. ముదిరిన కేసు.

నీలవేణిని పిలిపించి కుర్చీ వేశారు. ఆమె దోషాన్ని సంస్థ శ్రేయస్సునకై వినియోగించు సదవకాశము లభించినదని చక్రధరం గారు వివరించారు. ఏం రాయమంటారని ఆమె అడిగింది. ఉన్నది రాయమన్నారు.

"ఉన్నది ఉన్నట్టేనా సార్?"

కులపతి గారు చక్రధరం గారి వైపు చూశారు. ఆ మాట ఎక్కడో విన్నట్టే ఉంది. ఉన్నది ఉన్నట్టు విన్నవించడమే ధ్యేయమన్నది నివేదిక ఉపోద్ఘాతంలోని మొదటి వాక్యం. చక్రధరం గారు తలూపారు. కులపతి గారూ తలూపారు. అయితే తలుపులన్నీ తీయించి చూపించమని ఆమె అడిగింది. బంట్రోతును వెంట ఇచ్చి తీయించారు. కొన్ని తలుపులు తెరుచుకున్నప్పుడు లోపలి పావురాలు ఎవరో వచ్చారని ఆశ్చర్యపోయాయి.

చూసి వచ్చి నీలవేణి రాయడానికి కూర్చుంది.  ఇది గనక ఎవరైనా చదివితే చరిత్రే కాదు, అతిథి మర్యాదలు కూడా దక్కవు. కానీ అడిగారు. అడిగినదానికి వేరే జవాబు చెప్పడం ఆమెకు చేతకాదు. సందు దొరికింది కదా అని అణచిపెట్టుకున్న 'ఎందుకంటే'లన్నీ వరదలా వచ్చిపడ్డాయి. రాస్తూ రాస్తూ ఆమె తనలో తాను నవ్వుకుంటున్నదని, ఇది మంచికి కాదని జుబేదా కంగారుపడింది.

చక్రధరం గారు రాతప్రతిని అందుకున్నారు. అలవాటు చొప్పున ఉపోద్ఘాతం వెతికారు, లేదు; ముగింపు వెతికారు, లేదు. ఉన్నదంతా మధ్యభాగమే. పరిశీలించవలసింది ఏమీ లేదు గనుక అరచేతిలో బరువు చూసి, తృప్తిపడి, ధ్రువీకరించి సంతకం చేశారు. కులపతి గారు ఆ సంతకం చూసి సంతకం చేశారు.

బృందానికి అధ్యక్షులు ఆచార్య పరాంకుశం గారు, పళ్ళు ఊడిన పెద్దమనిషి. వారింట్లో పొద్దున్నే వార్తాపత్రిక రాగానే మొదటి పేజీ భార్య తీసుకుంటారు, ఆటల పేజీ కొడుకు లాక్కుంటాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయనకు మిగిలినవి నడిమి పేజీలే. అందుచేత ఏ పుస్తకం ఇచ్చినా బొటనవేలు పెట్టి నడిమికి తెరవడం ఆయనకు అలవాటైపోయింది. ఇంత చిన్న సంసారపు సంగతి విశ్వవిద్యాలయం ముందుగా కనుక్కోలేకపోయింది.

సభాభవనం కిక్కిరిసింది. నీలవేణి చివరి వరసలో జుబేదా పక్కన, లేచి పరిగెత్తడానికి వీలుగా చెప్పులు చేతికి అందేలా పెట్టుకుని కూర్చుంది. పరాంకుశం గారు నివేదికను నడిమికి తెరిచి, కళ్ళజోడు సవరించుకుని, పైకి చదవడం మొదలుపెట్టారు.

"తత్త్వశాస్త్ర విభాగంలో అధ్యాపకులు లేరు. బోర్డు ఉంది. బోర్డుకు ఏటా రంగు వేస్తారు."

వేదిక మీదివారు ప్రశాంతంగా ఉన్నారు. నడుస్తున్నది మధ్యభాగం. ముగింపు వచ్చేదాకా ఎవరూ వినవలసిన పని లేదు. కులపతి గారు మందహాసంతో కళ్ళు అరమోడ్చారు. చక్రధరం గారు చేతిగడియారానికి కీ ఇచ్చుకుంటున్నారు.

"గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు ఉన్నాయి. పూలకుండీలు బాగా పెరుగుతున్నాయి, ఎందుకంటే వాటిని రోజూ ఒకరు చూస్తారు. మెస్సులో అన్నం లేదు. అయినా విద్యార్థులు బతికే ఉన్నారు, ఎందుకంటే ఊరి చివర ఒకామె ఇడ్లీలు వేస్తుంది."

వెనక వరసల్లో కిసుకిసలు లేచాయి. కులపతి గారు వాటిని ప్రశంసగా స్వీకరించి తల పంకించారు. పరాంకుశం గారు పేజీ తిప్పారు. ఆయన గొంతు నెమ్మదించింది.

"ఇక్కడ వ్యాసాలను ఎవరూ చదవరు. ఈ వాక్యం కూడా ఎవరూ చదవరనే అనుకుంటున్నాను. చదివితే నా అభిప్రాయం మార్చుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి, కాగితంవైపే చూస్తూ, "చదివాను," అన్నారు.

భవనంలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. నిశ్శబ్దం వచ్చిందంటే ముగింపు అయిపోయినట్టని వేదిక మీదివారికి అభ్యాసం. కులపతి గారు కళ్ళు తెరిచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చక్రధరం గారు కొట్టారు. పాలకమండలి యావత్తూ లేచి కొట్టింది. పరాంకుశం గారు కూర్చునేదాకా కొడుతూనే ఉన్నారు.

ఇది రాసింది ఎవరని ఆయన అడిగారు. అప్పటికి పక్కవారు చెవిలో అసలు సంగతి ఊదడం వల్ల కులపతి గారి రంగు మారింది. తాము కాదని, ఈ సంస్థకు చెందినదని చెప్పుకోవడానికి వీల్లేని, వ్యాసాలు తప్పిన ఒకానొక విద్యార్థిని అని ఆయన విన్నవించుకున్నారు. ఆ తప్పిన వ్యాసాలు తెమ్మన్నారు పరాంకుశం గారు. తెచ్చారు. నిలబడి అందరి ఎదుటా చదివారు. ఈ పిల్లకు వచ్చిన రోగమేమిటని అడిగారు.

"మధ్యభాగ దోషము," అన్నారు చక్రధరం గారు.

"ఎంతమందికుంది?"

"ఈమె ఒక్కతెకే మిగిలినది. తక్కినవారందరూ కోలుకున్నారు."

పరాంకుశం గారు పేపర్లు మూసి బల్ల మీద పెట్టారు. తరవాత చిన్నగా చెప్పారు. ఈ ఏడాది పరీక్షకులు ప్రతి వ్యాసాన్నీ ఆసాంతం చదవాలి. చదివినందుకు గుర్తుగా నడిమి పేజీలో స్వహస్తాలతో ఒక్క మాటైనా రాయాలి. దిద్దేవారిలో మొదటివారు సంచాలకులు, దిద్దవలసిన మొదటి పేపరు ఈ అమ్మాయి సప్లిమెంటరీ. అది అయ్యేదాకా శ్రేణి ఊసెత్తవద్దు.

విశ్వవిద్యాలయానికి ఒక సుగుణం ఉంది. అది ఏ గుణపాఠాన్నీ సగంలో ఆపదు. మర్నాటి సాయంత్రానికే కొత్త ఉత్తర్వు వెలువడింది. ఉపోద్ఘాతములు, ముగింపులు విద్యాద్రోహముగా పరిగణింపబడును. వ్యాసము ఇకపై యావత్తూ మధ్యభాగమే. వ్యాస ప్రమాణాల పరిరక్షణ కేంద్రం పేరు మధ్యభాగ అభ్యుదయ కేంద్రంగా మారింది. సంచాలకులు యథాప్రకారం చక్రధరం గారే. మెస్సులో మజ్జిగ, మిఠాయి మాయమై కూరా అన్నమూ దిగాయి. బస్సు మధ్యలో అన్నిచోట్లా ఆగుతూ, బయలుదేరేచోటికి మాత్రం రావడం మానేసింది. పతకం పొందిన జుబేదా కొత్త పద్ధతిలో మొదటి వ్యాసమే తప్పి, కళ్ళొత్తుకుంటూ వచ్చి, "మొదలుపెట్టేది ఎలాగే?" అని నీలవేణిని అడిగింది. ప్రశ్న మీంచి చెయ్యి తియ్యమని నీలవేణి చెప్పింది.

సప్లిమెంటరీ పేపరు ఆ శుక్రవారం వచ్చింది. గ్రేడు పొంగిపోయేంతదేమీ కాదు, గట్టెక్కే గ్రేడు. చరిత్రలో ఉండడానికి చాలినంత. నీలవేణి దానివైపు చూసి ఊరుకోలేదు. నడిమి పేజీ తెరిచింది.

మార్జినులో ఎర్రసిరా. ముందు ఒక గీత, గీత పక్కన కొట్టివేత, కొట్టివేత కింద చక్రధరం గారి గుండ్రని దస్తూరీ. ఎన్నేళ్ళుగానో వాడని కాలు నేల మోపినట్టు తడబడుతూ రాసిన అక్షరాలు. "వరదలకు భయపడి ఈ ఊళ్ళు గుట్టలెక్కాయన్నావు. మరి నీళ్ళు తీశాక ఎందుకు దిగి రాలేదు? నాకు తెలియదు. వచ్చి చెప్పు."

ఆ సంగతి ఆమె ఎన్నడూ ఆలోచించలేదు. తన వాదంలో బొక్క ఉంది. ఏనుగు దూరేంత బొక్క. వరండాలో నిలబడే తల్లికి ఫోను చేసింది. అవతల బస్టాండు హోరు.

"పాసయ్యేవా?" అంది సింహాచలమ్మ.

"పాస్."

"బాగా వచ్చేయా మార్కులు?"

"అట్టే రాలేదు. మధ్యలో ఒకచోట తప్పని రాసేరు."

"తప్పేనేటి?"

"తప్పే అనుకుంటానమ్మా. ఇప్పుడెళ్ళి మాట్లాడాలి."

"మరెందుకే ఏడుస్తన్నావు?"

నీలవేణి పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది.

"చదివేరమ్మా," అంది.

అవతల ఎవరో ప్రయాణికుడు బొబ్బిలి బస్సు ఎప్పుడని అడుగుతున్నాడు. రెండోసారి అడిగాడు. గొంతు పెంచి మూడోసారి అడిగాడు. విచారణ కౌంటరు జవాబు చెప్పలేదు. కాసేపటికి బొబ్బిలి బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోవడం ఫోనులో స్పష్టంగా వినిపించింది.